ఎవరి రుబాయీలు? ఎడ్వర్డ్ ఫిట్జెరాల్డ్ అనువాదంలోని చిక్కుముడి

పారశీక కవి ఉమర్ ఖయ్యాం పేరు వినగానే చాలామంది కళ్లముందు కదిలే చిత్రం ఒకటే: చెట్టుకొమ్మ నీడ, ఒక రొట్టె, ఒక మధుపాత్ర, ఒక కవితల పుస్తకం, పక్కన కూర్చుని పాడుతున్న చెలి. ఈ చిత్రాన్ని ఈ రూపంలో లోకానికి ఇచ్చినవాడు ఇంగ్లండులోని సఫక్ ప్రాంతంలో పుట్టి, బతుకులో ఎక్కువ భాగం అక్కడే గడిపిన ఎడ్వర్డ్ ఫిట్జెరాల్డ్. ఆయన ముందున్న పారశీక ప్రతిలో దీనికి మూలమైనవి రెండు వేరువేరు రుబాయీలు, అంటే నాలుగు పాదాల పద్యాలు. మొదటి పద్యంలో కవి కెంపువన్నె మద్యాన్నీ, కవితల పుస్తకాన్నీ, ప్రాణం నిలవడానికి సగం రొట్టెనూ కోరుకుంటాడు. ఏదైనా పాడుపడిన చోట నువ్వూ నేనూ కూర్చుంటే సుల్తాను రాజ్యంకన్నా అదే మేలు అంటాడు. రెండో పద్యంలో గోధుమరొట్టె ఉంది, రెండు మణుగుల మద్యం ఉంది, ఒక గొర్రెతొడ ఉంది, తోటమూలన తులిప్ పువ్వులాంటి చెక్కిళ్ల చెలి ఉంది. ఆ సుఖం ఏ సుల్తానుకూ అందదు అన్న ముగింపు ఉంది.

ఫిట్జెరాల్డ్ ఈ రెండింటినీ కలిపి నాలుగు పాదాలుగా పోతపోశాడు. గొర్రెతొడ మాయమైంది. పాడుపడిన చోటు మనిషి అలికిడి లేని నిర్జన ప్రదేశంగా మారింది. మూలపద్యాలు రెండింటిలోనూ లేని చెట్టుకొమ్మ వచ్చింది, లేని పాట వచ్చింది, సుల్తాను రాజ్యం ఉన్న స్థానంలో స్వర్గం వచ్చి కూర్చుంది. సుల్తాను కూడా పూర్తిగా పోలేదు. ఆ ముందు పద్యంలోనే సింహాసనం మీద ఉన్న సుల్తాన్ మహమూదును చూసి జాలిపడమని ఫిట్జెరాల్డ్ చెప్పేశాడు గనుక, ఇక్కడ మళ్లీ అవసరం రాలేదు.

దీన్ని అనువాదం అనవచ్చా? 1859లో మొదటి ముద్రణ వెలువడిన నాటి నుంచీ ఈ ప్రశ్న నలుగుతూనే ఉంది. మూలానికి కట్టుబడ్డాడా లేదా అన్న ఒక్క కొలబద్దనే పట్టుకున్నవారు ఆయనను తప్పుపట్టారు. కవిత్వం బాగుందా లేదా అన్నదే చాలనుకున్నవారు ఆయనకు అన్నీ మన్నించారు. రెండు పక్షాలూ మాటల మార్పుల దగ్గరే ఆగిపోయాయని నాకనిపిస్తుంది. ఫిట్జెరాల్డ్ తీసుకున్న అన్నిటికన్నా పెద్ద స్వేచ్ఛ పద్యాల వరసలో ఉంది. అది అర్థం కావాలంటే ముందు ఆ మనిషి ఎవరో, ఆయన చేతికి వచ్చిన ప్రతి ఏమిటో చూడాలి.

ఆయన 1809 మార్చి 31న వుడ్‌బ్రిడ్జ్ పట్టణం దగ్గర బ్రెడ్‌ఫీల్డ్‌లో పుట్టాడు. పుట్టినప్పటి ఇంటిపేరు పర్సెల్. తల్లి తరఫు తాత మరణించాక 1818లో ఆ కుటుంబం ఫిట్జెరాల్డ్ అన్న ఇంటిపేరు స్వీకరించింది. కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో చదువుకున్నాడు. నవలాకారుడు థాకరేతో స్నేహం అక్కడ కుదిరింది. కవి టెనిసన్, చరిత్రకారుడు కార్లైల్ తరువాతి కాలంలో ఆప్తులయ్యారు. సంపన్న కుటుంబం కనుక ఉద్యోగం చేయవలసిన అవసరం ఆయనకు ఎన్నడూ రాలేదు. అయినా విలాసంగా బతకలేదు. ఏళ్ల తరబడి తమ బంగళా గేటు దగ్గరి చిన్న కుటీరంలో ఉన్నాడు, ఎక్కువగా రొట్టె, పళ్లతో సరిపెట్టుకునేవాడు, మాంసం తినడం దాదాపు మానేశాడు. రొట్టె మిగిలి గొర్రెతొడ పోవడానికి ఇదే కారణమని రుజువు చేయలేం గానీ, ఈ సంగతి తెలిశాక ఆ పద్యాన్ని మునుపటిలా చదవడం కష్టం.

ఆయన జీవితమంతా స్నేహాల చుట్టూ తిరిగింది. లోస్టాఫ్ట్ రేవులో జోసెఫ్ ఫ్లెచర్ అనే జాలరిని చూసి ముచ్చటపడి, అతనితో కలిసి హెర్రింగ్ చేపలు పట్టే పడవలో భాగస్వామి అయ్యాడు. పెళ్లి మాత్రం పొసగలేదు. కవిమిత్రుడు బెర్నార్డ్ బార్టన్ 1849లో మరణించాక ఆయన కుమార్తె లూసీ మంచిచెడ్డలు తన బాధ్యత అని భావించి, 1856 నవంబరులో ఆమెను పెళ్లాడాడు. ఏడాది తిరగకముందే ఇద్దరూ విడిపోయారు. ఆమెకు జీవితాంతం భృతి ఏర్పాటు చేశాడు. ఖయ్యాం పద్యాలు ఆయన చేతికి వచ్చింది సరిగ్గా ఈ రోజుల్లోనే.

వాటిని అందించినవాడు ఎడ్వర్డ్ కోవెల్. ఫిట్జెరాల్డ్ కన్నా 17 ఏళ్లు చిన్నవాడైనా పారశీకంలో ఆయనకు గురువు. సర్ విలియం జోన్స్ వ్యాకరణం ముందు పెట్టుకుని నలభై దాటిన వయసులో ఫిట్జెరాల్డ్ ఆ భాష నేర్చుకున్నాడు. 1856లో పారశీక కవి జామీ రాసిన సలామాన్, అబ్సాల్ కథను ఇంగ్లీషులోకి తెచ్చాడు. అదే ఏడాది కోవెల్ ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఒక చిన్న రాతప్రతిని చూశాడు. అందులో 158 రుబాయీలు ఉన్నాయి. పసుపుపచ్చని కాగితం మీద బంగారు పొడి చల్లి రాసిన ప్రతి అది. షిరాజ్‌లో హిజ్రీ 865లో, అంటే 1460–61లో రాశారు. కోవెల్ దానికి నకలు తీసి మిత్రుడికి ఇచ్చి, ఆ ఆగస్టులోనే కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఉద్యోగానికి ఓడ ఎక్కాడు. అక్కడ ఏషియాటిక్ సొసైటీ గ్రంథాలయంలో 516 రుబాయీలున్న మరో ప్రతి కనిపిస్తే దానికీ నకలు రాయించి పంపాడు. అది 1857 జూన్‌లో ఫిట్జెరాల్డ్‌కు చేరింది.

గురువు సముద్రాలు దాటిపోయాడు, కాపురం కూలింది. ఆ వేసవిలో ఫిట్జెరాల్డ్ బెడ్‌ఫర్డ్‌షైర్‌లో మిత్రుడు బ్రౌన్ ఇంట ఉన్నప్పుడు కోవెల్‌కు రాసిన ఉత్తరంలో ఒక దృశ్యం ఉంది. పసుపుపచ్చని పూలు పరుచుకున్న గడ్డిమైదానంలో కూర్చుని ఖయ్యాంను చదువుకుంటూ ఉంటే, చల్లగాలి వీస్తుంటే, బ్రౌన్‌గారి పందెపు గుర్రప్పిల్ల ఒకటి ఉలికిపడుతూ దగ్గరికి వచ్చి, ఆశ్చర్యంగా చూసి, తనను వాసన చూసి వెళ్లిందట. ఖయ్యాం తనకు ఓదార్పుగా ఉన్నాడన్న మాట కూడా ఆయన ఆ రోజుల్లోనే రాశాడు. ఆ ఓదార్పు కోసం చదివిన మనిషి ఆ పద్యాలను ఎలా ఏరుకుని ఉంటాడో ఊహించుకోవడం కష్టం కాదు.

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వద్దాం. రుబాయీలో సాధారణంగా ఒకటి, రెండు, నాలుగు పాదాలకు అంత్యప్రాస కుదురుతుంది, మూడో పాదాన్ని వదిలేస్తారు. ప్రాస లేని ఆ మూడో పాదం అలను పైకెత్తి పట్టి ఉంచితే, నాలుగో పాదంలో ఆ అల విరిగిపడుతుందన్న అర్థంలో ఫిట్జెరాల్డే తన ముందుమాటలో చెప్పాడు. ఆ అమరికను ఇంగ్లీషులోకి తెచ్చి స్థిరపరిచాడు. ప్రతి రుబాయీ దేనికది పూర్తి. మన వేమన పద్యం ఎలా ముందువెనకలతో పనిలేకుండా నిలబడుతుందో ఇదీ అలాగే నిలబడుతుంది. దేనికది విడిగా నోటికి వచ్చే ముక్తకం కనుకనే, ఎవరిదో తెలియని పద్యం పేరుపొందిన కవి ఖాతాలోకి సులువుగా చేరిపోతుంది. వేమన పేరిట చెలామణి అయ్యే పద్యాలన్నీ వేమనవి కావని మనకు తెలుసు. ఖయ్యాం విషయంలో ఆ చిక్కు ఇంకా పెద్దది. ఆయన 1048లో నిషాపూర్‌లో పుట్టి 1131లో మరణించాడు. ఘనసమీకరణాలను శాంకవాల (శంకువును కోస్తే వచ్చే వక్రరేఖల) సాయంతో సాధించిన గణితవేత్తగా, సుల్తాను మాలిక్ షా కొలువులో 1079 నాటి జలాలీ పంచాంగాన్ని రూపొందించిన పండితులలో ఒకడిగా తన కాలంలో ప్రసిద్ధుడు. కవిగా ఆయన పేరు చెప్పేవారు మరణానంతరమే ఎక్కువయ్యారు. బోడ్లియన్ ప్రతి నాటికి ఆయన పోయి 300 ఏళ్లు దాటింది. అంటే ఫిట్జెరాల్డ్ పనిచేసింది ఒక మనిషి స్వదస్తూరీ లాంటి మూలం మీద కాదు, ఒక పేరు చుట్టూ శతాబ్దాలుగా పోగుపడిన పద్యాల మీద.

పారశీక ప్రతుల్లో ఈ పద్యాలను అంత్యప్రాస చివరి అక్షరాన్ని బట్టి అకారాదిగా పేర్చేవారు. అందువల్ల మరణం మీద చెప్పిన పద్యం పక్కన మధువు మీది పద్యం, దాని పక్కన దేవుణ్ని నిలదీసిన పద్యం, ఆ వెంటనే భక్తి పద్యం వస్తాయి. వాటి మధ్య కాలం లేదు, కథ లేదు, ఒక మనసు నడక లేదు. ఫిట్జెరాల్డ్ చేసింది ఇదీ: తనకు నచ్చినవాటిని ఏరి, కలిపి, ఒక రోజు మీద అమర్చాడు. తెల్లవారుతుండగా మొదలవుతుంది, చంద్రోదయంతో ముగుస్తుంది. పొద్దున్నే కవి తేరుకున్న మనసుతో ఆలోచనలో ఉంటాడు, ఆలోచించినకొద్దీ తాగినకొద్దీ తిరగబడతాడు, దైవదూషణకు దిగుతాడు, రాత్రయ్యేసరికి దిగులులోకి జారుకుంటాడు అని ప్రచురణకర్త క్వారిచ్‌కు రాసిన ఉత్తరంలో ఆయనే వివరించాడు. చివరి పద్యంలో, నేను కూర్చున్న చోటికి వచ్చినప్పుడు ఖాళీ గ్లాసును బోర్లించమని చెప్పి కవి నిష్క్రమిస్తాడు. ‘తాగు, ఆనందించు’ అనే పద్యాల పాలు మూలంలోకన్నా తాను తగ్గించానని కూడా ముందుమాటలో ఒప్పుకున్నాడు.

ఈ వరస వల్ల మూలంలో లేని పాత్ర ఒకటి పుట్టింది. పొద్దున్న ఒక మాట, మధ్యాహ్నం మరో మాట, రాత్రి ఇంకో మాట చెబుతూ ఒక రోజులో ఒక జీవితాన్ని నడిచిన మనిషి ఆ పాత్ర. పాఠకుడు ‘ఖయ్యాం’ అనుకునేది ఆ మనిషినే. ఒక్కో పద్యాన్నీ మక్కికి మక్కిగా అనువదించి ఇదే వరసలో పెట్టి ఉన్నా ఆ మనిషి పుట్టేవాడు. పద్యాలను ఎంత అందంగా స్వేచ్ఛానువాదం చేసినా అకారాదిగా పేర్చి ఉంటే పుట్టేవాడు కాదు. మాటల పట్టికలు వేసి లెక్కగట్టేవారి కంటికి ఇది ఆనకపోవడం సహజం.

ఆ లెక్కలు కూడా పనికిరానివి కావు. 1899లో ఎడ్వర్డ్ హెరన్ ఆలన్ పారశీక ప్రతులతో ఒక్కో పద్యాన్నీ పోల్చి చూశాడు. ఫిట్జెరాల్డ్ చివరికి నిలిపిన 101 పద్యాలలో 49 ఒక్కొక్క రుబాయీకి దగ్గరైన అనుసరణలనీ, 44 ఒకటికి మించిన రుబాయీల కలయికలనీ తేల్చాడు. రెండు పద్యాలు నికోలా అనే ఫ్రెంచి అనువాదకుడి ముద్రణలో మాత్రమే ఉన్నవాటి నుంచి వచ్చాయి, రెండు పారశీక కవి అత్తార్ రాసిన పక్షుల కావ్యం నుంచి, రెండు మరో పారశీక కవి హాఫిజ్ గజళ్ల నుంచి వచ్చాయి. మిగిలిన రెండు మొత్తం మీది భావాన్ని పట్టుకున్నవి. ఎక్కడినుంచో గాలిలో పుట్టించాడన్న అపవాదు ఈ లెక్క ముందు నిలవదు. తన అనువాదం కోసం తాను పడ్డంత శ్రమ చాలా తక్కువమంది పడి ఉంటారని, అయితే అది మక్కికి మక్కి కోసం మాత్రం కాదని 1859లో ఫిట్జెరాల్డ్ కోవెల్‌కు రాశాడు. దూదికూరిన గద్దకన్నా ప్రాణమున్న పిచ్చుక మేలన్న ఆయన పోలిక ఆ ఉత్తరంలోదే.

ప్రాణం కోసం పోయినదేమిటో కూడా చూడాలి. దేవుణ్ని ఉద్దేశించి ఫిట్జెరాల్డ్ రాసిన ఒక పద్యం ఇంగ్లండును ఉలిక్కిపడేలా చేసింది. మనిషిని నీచమైన మట్టితో చేసినవాడా, స్వర్గవనంతో పాటే పామునూ కల్పించినవాడా, మనిషి ముఖం నల్లబడడానికి కారణమైన పాపాలన్నిటికీ మనిషిని నువ్వు క్షమించు, మనిషి నుంచి నువ్వూ క్షమాపణ పుచ్చుకో అని దాని సారం. ఆ చివరి మాటలో ఉన్న తెగువ అసాధారణం. పాము పాదానికి మూలం ఎంత వెదికినా తనకు ఖయ్యాంలో దొరకలేదని కోవెల్ తరువాత చెప్పాడు. ఇక చివరి పాదం ఒక పొరపాటు నుంచి పుట్టిందని ఆయన అభిప్రాయం. దేవా, నాకు పశ్చాత్తాపాన్ని ఇవ్వు, నా మన్నింపు వేడుకోలును స్వీకరించు అని ప్రార్థించే ఒక రుబాయీలో ఇవ్వడం, స్వీకరించడం అనే రెండు మాటలనూ ఫిట్జెరాల్డ్ తప్పుగా అర్థం చేసుకున్నాడు. ప్రార్థన తిరుగుబాటు అయింది. కలకత్తా నుంచి తాను ఈ సంగతి రాసినా మిత్రుడు దిద్దుకోవడానికి ఇష్టపడలేదని కోవెల్ చెప్పాడు. అప్పటికి అది పొరపాటు దశ దాటిపోయింది. తెలిసి ఉంచుకున్న పాదం అనువాదకుడి సొంత పాదమే. భక్తిపరుడైన క్రైస్తవుడు కోవెల్, తన మిత్రుడికి ఖయ్యాంను పరిచయం చేసినందుకు తరువాత మనసులో బాధపడ్డాడు.

దీనికన్నా నన్ను నొప్పించేది ఇంకొకటి ఉంది. 1857 మార్చిలో కోవెల్‌కు రాసిన ఉత్తరంలో, ఈ పారశీకులతో ఇష్టమొచ్చిన స్వేచ్ఛ తీసుకోవడం తనకు వినోదమనీ, తనను భయపెట్టేంత గొప్ప కవులేమీ కారనీ, వారిని తీర్చిదిద్దడానికి కొంచెం కళ అవసరమనీ ఫిట్జెరాల్డ్ అన్నాడు. స్పానిష్ నాటకకర్త కాల్డెరాన్ నాటకాలను 1853లో అనువదించినప్పుడు కూడా ఆయన స్వేచ్ఛ తీసుకున్నమాట నిజమే. తరువాత గ్రీకు నాటకం అగమెమ్నాన్‌ను కూడా అలాగే అనుసరించాడు. అయితే ఆ స్వేచ్ఛను ‘వారికి కళ తక్కువ’ అన్న మాటతో సమర్థించుకోవడం వేరు. సామ్రాజ్యం ఉచ్చస్థితిలో ఉన్న దేశంలో కూర్చుని, మూడు నాలుగేళ్ల కింద నేర్చిన భాష గురించి ఆ తీర్పు చెప్పాడు. ఆ పుస్తకాన్ని ప్రేమించేవారు ఈ వాక్యాన్ని దాచిపెట్టకూడదు; ఈ వాక్యాన్ని చూపేవారు ఆ పుస్తకంలోని శ్రమను దాచిపెట్టకూడదు.

ఆ శ్రమకు సాక్ష్యం మొదటి పద్యమే. పారశీకంలో సూర్యుడు కప్పు మీదికి ఉదయపు ఉచ్చు విసురుతాడు, పగటి ప్రభువు పాత్రలో గులకరాయి వేస్తాడు. పాత్రలో రాయి వేయడం ఎడారిలో గుర్రాలెక్కండి అన్న సంకేతమని ఫిట్జెరాల్డ్ వివరించాడు. 1859 ముద్రణలో ఆ రాయీ ఉంది, ఆ ఉచ్చూ ఉంది: రాత్రి అనే పాత్రలో ఉదయం విసిరిన రాయికి నక్షత్రాలు చెదిరి పారిపోతాయి, తూర్పు వేటగాడు సుల్తాను బురుజును వెలుగు ఉచ్చులో బిగిస్తాడు. 1868 నాటి రెండో ముద్రణకు ఆయన దాన్ని పూర్తిగా తిరగరాశాడు; 1872కు మళ్లీ మార్చాడు. చివరికి రాయి పోయింది, పాత్ర పోయింది, ఉచ్చు వెలుగుబాణమైంది. నునుపు పెరిగింది, పారశీకం తగ్గింది. నా మట్టుకు మొదటి ముద్రణే మేలు. పద్యాల సంఖ్య కూడా 75 నుంచి 110కి పెరిగి, 1872లో 101 దగ్గర నిలిచింది. నాలుగో ముద్రణ 1879లో వచ్చింది. ఇంకొక చిన్న మార్పు ఎవరూ అంతగా పట్టించుకోరు. 1859 ముఖపత్రం మీద ఈ పద్యాలు ఇంగ్లీషులోకి ‘అనువదింపబడినవి’ అని ఉంది. 1868 నుంచి ఆ క్రియ మారి, ఇంగ్లీషు పద్యంగా ‘తీర్చబడినవి’ అనే అర్థమిచ్చే మాట వచ్చింది. తాను చేసినదేమిటో ఆయనకు తెలుసు.

ఆ ముఖపత్రం మీద ఆయన పేరు మాత్రం లేదు. కాల్డెరాన్ అనువాదానికి పేరు పెట్టుకుని విమర్శకుల చేత మాటలు పడ్డ తరువాత పేరు పెట్టుకోవడం మానేశాడు. 1858 ఆరంభంలో ఫ్రేజర్స్ పత్రికకు పంపిన 35 పద్యాలు అచ్చుకాకుండా ఉండిపోతే వెనక్కి తీసుకుని, మరికొన్ని చేర్చి, సొంత ఖర్చుతో 250 ప్రతులు వేయించాడు. ఒక షిల్లింగు వెల పెట్టినా కొన్నవారు లేరు. క్వారిచ్ దుకాణం బయట ఒక పెన్నీ పుస్తకాల పెట్టెలోకి చేరింది. 1861లో విట్లీ స్టోక్స్ అనే పండితుడు దాన్ని చూసి కవి, చిత్రకారుడు రోసెట్టీకి ఇచ్చాడు, రోసెట్టీ నుంచి కవి స్విన్‌బర్న్‌కూ ఆ మిత్రబృందానికీ పాకింది. ఆ స్టోక్సే భారతదేశానికి వచ్చి 1862లో చెన్నపట్నంలో కొద్ది ప్రతులు, అనువాదకుడి అనుమతి లేకుండానే, అచ్చు వేయించాడు. లండన్‌లో రెండో ముద్రణ రావడానికి ఆరేళ్ల ముందే ఆ పద్యాలు మన రేవులో అచ్చయ్యాయన్నమాట. ‘ఉమర్ ఖయ్యాం అనువాదకుడికి’ అని చిరునామా పెట్టి కళావిమర్శకుడు రస్కిన్ 1863లో రాసిన అభినందన లేఖ, ఆ అనువాదకుడు ఎవరో తెలియక, చేరడానికి పదేళ్లు పట్టింది.

ఫిట్జెరాల్డ్ 1883 జూన్ 14న నిద్రలోనే పోయాడు. బౌల్జ్ చర్చి ఆవరణలోని ఆయన సమాధి దగ్గర 1893లో ఒక గులాబీ మొక్క నాటారు. ఖయ్యాం సమాధి దగ్గరి గులాబీకాయల నుంచి చిత్రకారుడు విలియం సింప్సన్ తెచ్చిన గింజలను క్యూ ఉద్యానవనంలో మొలిపించి పెంచిన మొక్క అది.

తెలుగులోకి ఖయ్యాం రెండు దారుల్లో, ఇంగ్లీషు మీదుగానూ పారశీకం నుంచీ వచ్చాడు. ఇంగ్లీషు పుస్తకం పుట్టించిన ఆసక్తి మన కవులను పారశీకం వైపు నడిపించింది. పారశీకం నేర్చి దువ్వూరి రామిరెడ్డి రాసిన పానశాల మనకు బాగా దగ్గరైన ఖయ్యాం. అయితే ఈ చిక్కుముడిని సూటిగా పట్టుకున్నవాడు విజయనగరంలోని ఆదిభట్ల నారాయణదాసు. హరికథకు పితామహుడని పేరున్న ఆయన, ఫిట్జెరాల్డ్ మూలానికి న్యాయం చేయలేదని చూపదలచి, పారశీక మూలాన్నీ ఫిట్జెరాల్డ్ ఇంగ్లీషునూ పక్కపక్కన పెట్టి, ఆ రెండింటినీ విడివిడిగా సంస్కృతంలోకీ అచ్చ తెలుగులోకీ తెచ్చాడు. ఆ గ్రంథం 1932లో వెలువడింది. తప్పుపట్టడానికే పూనుకున్నా, ఒక పద్యానికి బదులు రెండు పద్యాలు ఉన్నాయని గుర్తించి, ఆ రెంటికీ వేరువేరుగా తెలుగు పద్యం కట్టాడు.